ఆకు అడుగున చూచువాడు

మొక్కల తెగుళ్ళను గూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పు పద్ధతి ఉపాధ్యాయులందరికిని తెలిసినదే. మొదట తెగులు పేరు. దాని క్రింద లక్షణములు. ఆ క్రింద నివారణ. విద్యార్థి ఈ మూడింటిని వల్లించి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. వ్యవసాయ కరపత్రములును, పత్రికలలోని శాస్త్రవ్యాసములును చాలవరకు ఈ అచ్చులోనే పోతపోసినట్లుండును. ఈ పట్టికలో లేని గడి యొకటి గలదు. ఆ తెగులును మొదట ఎవరు కనుగొనిరి? ఎన్ని మొక్కలు వెదకిన పిమ్మట కనుగొనిరి? వెదకని మొక్కల సంగతి ఏమి? ఈ ప్రశ్నలకు ఆ పాఠములలో తావు లేదు. తెగులు తనంత తానే వచ్చి రైతు ఎదుట నిలిచి తన పేరు చెప్పుకొన్నట్లు వ్రాయుట మనకు అలవాటైనది.

ఈ లోపము పొలము విషయమున కంటె హరితగృహము విషయమున ఎక్కువ హాని చేయుచున్నది. హరితగృహమనగా గాజుతో గాని ప్లాస్టిక్ పొరతో గాని కప్పిన పంటశాల. బయట చలిగా నున్నను లోపల వెచ్చగా నుండును. వాన లేదు, గాలి తాకిడి లేదు. మొక్కకు ఇది ఎంత సుఖమో పురుగునకును అంత సుఖము. పొలములోనైతే వాన కొన్నింటిని కొట్టివేయును, సాలెపురుగులు, అక్షింతల పురుగులు కొన్నింటిని తినివేయును. ఇక్కడ ఆ అడ్డంకులు చాలవరకు లేవు. అందుచేత ఐరోపాలోని పెద్ద హరితగృహములలో, ముఖ్యముగా నెదర్లాండ్సులోను ఇంగ్లండులోను, వారము వారము పంటలోనికి పోయి ఆకులు తిప్పి చూచుటకే ప్రత్యేకముగా ఒక మనిషిని పెట్టుకొందురు. ఇంగ్లీషులో అతనిని స్కౌట్ అందురు. సేనకు ముందుగా పోయి శత్రువు జాడ తెలిసికొని వచ్చు వేగులవాడని ఆ మాటకు అర్థము. ఉద్యోగముల వరుసలో మాత్రము అతడు తరచు సహాయకుడే.

అతని సామాను స్వల్పము: పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దము, నోటుపుస్తకము, గుర్తు కట్టుటకు రంగు రిబ్బను చుట్ట. పని మాత్రము స్వల్పము కాదు. టమాటా తీగెలు త్రాళ్ళ వెంట మనిషి ఎత్తును మించి ప్రాకియుండును. తెల్లదోమలు కొనలయందలి లేత ఆకుల అడుగున చేరి గుడ్లు పెట్టును. గుడ్డు పొదిగి పిల్ల పెరుగునంతలో మొక్కయు పైకి పెరుగును గనుక, ఆకునకు పొలుసువలె అంటుకొని యుండు పిల్లపురుగులు నడిమి ఆకులలో దొరకును. ముదిరినవి ఇంకను క్రింద దొరకును. అనగా ఒకే మొక్కను కొన నుండి మొదలు వరకు చూచినచో ఆ పురుగు గడచిన మూడు నాలుగు వారములలో ఏమి చేసినదో వరుసగా తెలిసిపోవును. నేను చూచిన పాఠ్యపుస్తకములలో గుడ్డు, పిల్ల, పెద్దపురుగు ఒక వలయముగా, బాణపు గుర్తులతో నున్నవి. బొమ్మలు చక్కనివే. కాని మొక్కపై ఆ జీవితచరిత్ర వలయముగా లేదు, నిలువుగా నున్నది. ఈ చిన్న సంగతి ఒక్క వాక్యములో చెప్పియున్నచో బొమ్మను చదివిన పిల్లవాడు మొక్కను కూడ చదువగలిగెడివాడు.

ఎర్రనల్లిని వెదకుట వేరు విధము. అది వేడిగా, పొడిగా నుండు చోట్ల మొదలు పెట్టును. అందుచేత తలుపుల దగ్గరను, గదిని వెచ్చబెట్టు నీటిగొట్టముల దగ్గరను, ఎండ బాగుగా పడు చివరి వరుసలలోను ముందు చూడవలెను. ఆకు పైభాగమున సూదితో పొడిచినట్లు పాలిపోయిన చుక్కలు కనబడినచో ఆకును తిప్పవలెను. తామరపురుగులు పూవులలో దాగియుండును. తెల్లని కాగితము పట్టి దానిపై పూవును తట్టినచో సన్నని గీతలవలె రాలి పరుగెత్తును. ఎగురు పురుగులకై వరుసల నడుమ జిగురు పూసిన పసుపుపచ్చని అట్టలు వ్రేలాడదీయుదురు. తామరపురుగులకు నీలిరంగు అట్టలు కూడ వాడుదురు. పరిశీలకుడు పసుపుపచ్చని చొక్కా తొడుగరాదను నియమము కూడ గలదు, ఏలయన అతడే నడచు అట్టయై తెల్లదోమలను ఒక వరుస నుండి మరియొక వరుసకు మోసికొని పోవును! అట్టను చూచి మురిసిపోరాదు. ఎర్రనల్లికి రెక్కలు లేవు. అట్ట శుభ్రముగా నున్నదని ఆ పంటలో నల్లి లేదనుకొనుట బావిలో తొంగిచూచి ఏనుగు లేదనుకొనుట వంటిది.

ఇక శాస్త్రవ్యాసములలో తరచుగా కనబడు కథ యొకదానిని పరిశీలింతము. అది ఎన్కార్సియా ఫార్మోసా అను చిన్న కందిరీగ జాతి కీటకము కథ. దాని పొడవు ఒక మిల్లీమీటరులో ఇంచుమించు 0.6 వంతు. ఇది తెల్లదోమ పిల్లపురుగు లోపల గుడ్డు పెట్టును. గుడ్డు నుండి వెలువడిన పిల్ల లోపలనుండి దానిని తినివేయును. మిత్రకీటకము శత్రుకీటకమును సంహరించినదని, విషపు మందుల అవసరము తీరినదని మన రచయితలు ఈ కథను కుస్తీపోటీవలె వర్ణింతురు. కథ మొదలు ఎక్కడనో వారు చాలమంది చెప్పరు. 1926లో ఇంగ్లండులో ఒక టమాటా సాగుదారు తన ఆకులపై తెల్లని పొలుసుల నడుమ కొన్ని నల్లని పొలుసులుండుట చూచెను. చూచి, ఇదేమో తెగులని నలిపివేయక, చెషంట్ పరిశోధనశాలలో కీటకశాస్త్రజ్ఞుడైన స్పేయర్ దృష్టికి తెచ్చెను. ఆ నల్లని పొలుసులలో నుండి వెలువడినదే ఎన్కార్సియా. 1930 నాటికి ఆ పరిశోధనశాల సుమారు 800 తోటలకు సంవత్సరమునకు 15 లక్షల కీటకములను పెంచి పంపుచుండెను. తరువాత కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములకును అవి పోయినవి.

శాస్త్రజ్ఞుని పేరు పుస్తకములలో నిలిచినది. నలుపును తెలుపు నుండి వేరుచేసి చూచిన మనిషి చాల గ్రంథములలో ‘ఒక టమాటా సాగుదారు’ గానే యున్నాడు. స్పేయర్ ఘనతను తగ్గించుట నా ఉద్దేశము కాదు. ఆ నల్లని పొలుసు ఏమిటో తేల్చుటకు ఆయన విద్య కావలసినదే. కాని చూపు లేనిదే విద్యకు పని దొరకలేదు. ఎర్రనల్లిని తిను ఫైటోసీయులస్ పర్సిమిలిస్ అను మరియొక నల్లి సంగతియు ఇంతే. 1958 ప్రాంతమున చిలీ నుండి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో అది ఎవరును పిలువకయే వచ్చినది. మొక్కలపై తిరుగు అణుమాత్రపు జీవిని చూచి, ఇది మామూలు నల్లి కాదని గుర్తించిన కన్ను అక్కడ ఉండబట్టి అది నేడు అనేక దేశముల హరితగృహములలో పనిచేయుచున్నది.

కుస్తీకథ వ్రాయువారు విడిచిపెట్టు మరియొక అధ్యాయము గలదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత డి.డి.టి. వంటి మందులు వచ్చినవి. వారము లెక్కించి పిచికారి చేసిన చాలును, ఆకు తిప్పి చూడనక్కరలేదని సాగుదారులు తలచిరి. ఎన్కార్సియా వాడుక మూలబడినది. కొన్ని సంవత్సరములలో నల్లులు, తెల్లదోమలు ఆ మందులకు లొంగకుండ పోయినవి. పంచాంగము చూచి చల్లిన మందు పని చేయుచున్నదో లేదో చెప్పువాడు లేడు. మరల మిత్రకీటకములను పిలిచినపుడు వాటితోపాటు పరిశీలకుని కూడ పిలువవలసివచ్చెను. 1980 దశకము చివర టమాటా పూవుల పరాగసంపర్కమునకు బంబుల్ తేనెటీగలను హరితగృహములలో పెట్టుట ఆరంభమైనది. అంతటితో ఆలోచన లేని పిచికారి తేనెటీగలను చంపుట యనగా కాయను చంపుటయే అయినది. ఏ వరుసలో, ఏ మొక్కపై, ఎంత అన్నది తెలియనిదే మందు సీసా మూత తీయుటకు వీలు లేదు.

మిత్రకీటకములు వదలినంత మాత్రమున పని తీరిపోవునను వ్రాతలు కూడ నాకు నచ్చవు. అవి పనిచేయుచున్నవో లేదో చెప్పునదియు ఆకు అడుగు చూపే. హరితగృహపు సామాన్య తెల్లదోమ పొలుసులో ఎన్కార్సియా గుడ్డు పెట్టిన సుమారు పది దినములకు ఆ పొలుసు నల్లబడును. పొగాకు తెల్లదోమ అను మరియొక జాతి పొలుసైనచో నల్లబడదు, గోధుమరంగునకు తిరుగును. నలుపు మాత్రమే లెక్కించువాడు రెండవ జాతి ఉన్నచోట ‘కీటకము పనిచేయుట లేదు’ అని తప్పు వ్రాయును. ఖాళీ పొలుసులను కూడ చదువవచ్చును. తెల్లదోమ బయటికి వచ్చిన పొలుసుపై ఇంగ్లీషు ‘టి’ అక్షరము వంటి చీలిక యుండును. ఎన్కార్సియా కొరికి వచ్చినచో గుండ్రని కన్నము. ఎవరు గెలిచినదియు ఆ కన్నము ఆకారము చెప్పును.

మరియొక చిక్కు చూడుడు. టమాటా సాగులో క్రింది ముదురాకులను ఎప్పటికప్పుడు త్రుంచివేయుదురు. ఎన్కార్సియా పెరుగుచున్న నల్లని పొలుసులు ఎక్కువగా ఉండునది ఆ ఆకులలోనే. త్రుంచిన ఆకులను ఆనాడే బయటికి మోయించినచో డబ్బిచ్చి కొనితెచ్చిన సైన్యమును చెత్తబండి కెక్కించినట్లే. పరిశీలకుడు చూచి, ఈ వరుస ఆకులు కొన్ని దినములు మొక్కల మొదట్లోనే ఉండనిండు అని చెప్పవలెను. చెప్పుట అతని వంతు, వినుట యజమాని వంతు. ఇక్కడనే ‘సహాయకుడు’ అను పదవి పేరు అడ్డుపడుచుండును. ఆకును చూచినవాని మాటకంటె ఆకును చూడనివాని ఆజ్ఞ పెద్దదైనచోట నోటుపుస్తకము అలంకారమే.

ఇప్పుడు లెక్కల ఉపాధ్యాయులకు పనికివచ్చు సంగతి చెప్పెదను. ఇది తెగుళ్ళ పాఠములో నేనెక్కడను చూడలేదు. ఒక హరితగృహములో నూటికి 5 మొక్కలపై నల్లి పడినదనుకొందము. పరిశీలకుడు ఎన్నిక లేక 20 మొక్కలను చూచెను. వాటిలో ఒక్కటియు నల్లి పట్టినది కాకుండుటకు ఎంత అవకాశము? ఒక మొక్క శుభ్రముగా నుండు అవకాశము 0.95. దీనిని ఇరువదిసారులు గుణించినచో 0.36 వచ్చును. అనగా నూరుసార్లు తనిఖీ చేసినచో 36 సార్లు అతడు ‘ఏమియు లేదు’ అని నిజాయితీగా వ్రాయును, అది అబద్ధమగును! 60 మొక్కలు చూచినచో ఈ పొరపాటు నూటికి 5 కంటె తగ్గును. నూరు మొక్కలు చూచి ఒక్కటియు దొరకనపుడు కూడ చెప్పదగినది ‘లేదు’ అని కాదు. ‘ఉన్నను ఇంచుమించు నూటికి 3కు మించి ఉండకపోవచ్చును’ అని మాత్రమే. పైగా నల్లి సమముగా పరచుకొని యుండదు, గుంపులుగా నుండును. నడవదారి ప్రక్కనున్న మొక్కలనే చూచువానికి ఈ లెక్క కూడ వర్తింపదు. ప్రతి వరుస నుండియు, మొదటను నడుమను చివరను, కొన్ని మొక్కలు తీసికొనవలెను.

వారమునకొకసారి పోవుటకును కారణము కలదు. ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నున్నపుడు ఎర్రనల్లి గుడ్డు పెద్దదగుటకు రెండు వారములకు పైగా పట్టును. 30 డిగ్రీలైనచో వారము చాలును. చలిదినములలో రెండు తనిఖీల నడుమ అర తరము గడచును. వేసవిలో ఒక పూర్తి తరము గడచిపోవును. వేసవి వచ్చినను పాత వరుసలోనే నడచు పరిశీలకుడు ప్రతిసారియు మనుమలను చూచి వచ్చుచున్నాడన్నమాట.

అతని చేతిని గూర్చియు ఒక మాట. 2014లో ఇస్రాయేలు టమాటా పంటలలో ఒక క్రొత్త వైరసు కనబడినది. కాయలపై ముడుతలు పడిన గోధుమరంగు మచ్చలు తెచ్చును గనుక దాని పేరులోనే ఆ మాట చేరినది. కొద్ది సంవత్సరములలో అది ఐరోపాకు, అమెరికాకు, ఇంకను పలుదేశములకు వ్యాపించినది. ఇది చేతులవలన, కత్తులవలన, బట్టలవలన ఒక మొక్క నుండి మరియొక మొక్కకు సోకును. ప్రతి వరుసలోనికి పోయి ప్రతి ఆకును పట్టి చూచువానికంటె దీనికి మంచి వాహనమేది? అందుచేత పరిశీలకుడు చేతులు కడుగుకొని, చేతితొడుగులు మార్చుకొని, శుభ్రమైన భాగము నుండి మొదలిడి అనుమానపు భాగమును చివరకు చూడవలెను. పాఠములలో వైరసు వ్యాప్తికి ‘కీటకములు, గాలి, నీరు, విత్తనములు’ అని వ్రాయుదురు. ‘మనుష్యుని చేయి’ అని చేర్చుటకు ఎందుకు సంకోచమో తెలియదు.

ఇంత శ్రమ ఇక మనిషికేల, సెల్‌ఫోనుతో ఫోటో తీసినచో యంత్రమే తెగులు పేరు చెప్పునుగదా అని కొందరనుచున్నారు. 2016లో ప్రకటితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో ప్లాంట్ విలేజ్ అను సంగ్రహమునందలి 54 వేలకు పైగా ఆకుల ఫోటోలతో కంప్యూటరునకు శిక్షణ నిచ్చిరి. ఆ సంగ్రహములోనే వేరుగా నుంచిన ఫోటోలతో పరీక్షించినపుడు నూటికి 99కి పైగా సరియైన సమాధానములు వచ్చినవి. వేరు పరిస్థితులలో తీసిన ఫోటోలిచ్చినపుడు అది నూటికి 31 ప్రాంతమునకు దిగజారినది. ఈ రెండవ అంకెను దాచక చెప్పినవారు ఆ పరిశోధకులే. దానిని మరచినవారు వార్తలు వ్రాసినవారు. కారణము ఊహించుట కష్టము కాదు. ఆ ఫోటోలలో చాలవరకు ఒక ఆకును కోసి సాదా నేపథ్యముపై పెట్టి తీసినవి. మన పాఠ్యపుస్తకపు బొమ్మయే అది. తరువాత వచ్చిన యంత్రములు మెరుగుపడుచున్నవి, ఇంకను మెరుగుపడును. కాని ఏ ఆకును ఫోటో తీయవలెనో యంత్రమునకు చూపువాడు ఇప్పటికిని ఆకు తిప్పువాడే.

హరితగృహములు మనకు దూరపు సంగతియని పాఠకులు తలపవచ్చును. హైదరాబాదు చుట్టుప్రక్కల పాలీహౌసులలో కాప్సికమ్, జెర్బెరా పెంచుచున్నారు. మిరప నారు, టమాటా నారు వలకప్పుల క్రింద పెంచి అమ్ముట రెండు రాష్ట్రములందును సాధారణమైనది. నారుమడిలో చూడక వదలినది పొలమునకు నారుతోపాటు పోవును. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరపతోటలపై పార్విస్పైనస్ అను తామరపురుగు జాతి విరుచుకుపడినపుడు రైతులు ఎంత నష్టపోయిరో చెప్పనక్కరలేదు. మనకు తెలిసిన పాత మిరప తామరపురుగు లేత ఆకుల ముడుతలలో నుండును. ఇది పూవులలో గుంపులుగా చేరినది. ఆకుముడుత కోసము వెదకుటకు అలవాటు పడిన కన్ను పూవును చూడలేదు. తెల్లకాగితముపై పూవును తట్టుట అను రెండు నిమిషముల పని మన పాఠములలో ఏనాడో ఉండవలసినది.

ఇది ఏ ప్రయోగశాలయు అక్కరలేని పని. పాఠశాల తోటలో నాలుగు వరుసల వంగయో టమాటాయో ఉన్నచో చాలును. ఉపాధ్యాయుడు ఒక్కొక్క వరుసను ఇద్దరేసి విద్యార్థులకు అప్పగించి, వారమునకొకసారి పది మొక్కల చొప్పున, మొక్కకు పై ఆకు, నడిమి ఆకు, క్రింది ఆకు మూడింటి అడుగుభాగములను భూతద్దముతో చూపింపవచ్చును. ఇద్దరును విడివిడిగా లెక్కింపవలెను, ఒకరి అంకె రెండవవారు చూడరాదు. అంకెలు కలియనపుడు ఎవరిది తప్పని నిర్ణయించుటకు తొందరపడక, ఇద్దరిని మరల ఆ ఆకు దగ్గరకే పంపవలెను. పురుగు దొరకని వారము పుటలో ‘0’ అని మాత్రము వ్రాసిన నోటుపుస్తకమును ఉపాధ్యాయుడు తిప్పి పంపవలెను. ‘30 ఆకులలో 0’ అని వ్రాసినచో దానిపై సంతకము చేయవచ్చును.